ఉబ్బిన చెక్క కొలత

రేవులో అందరూ ఆమెను లెక్కలావిడ అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. పడవ నడిపేది భర్త, పడవను బతికించేది ఆమె. ఏ పని ఎత్తుకున్నా ఇందులో మనకు మిగిలేదేమిటి, పోయేదేమిటి అని ముందే బేరీజు వేసుకుంటుంది. ఒంట్లో జ్వరం ఉన్నా ఇప్పుడు పడుకుంటే లాభమా, పని అయ్యాక పడుకుంటే లాభమా అని ఆలోచించే రకం.

ఆ మధ్యాహ్నం ఆమె లెక్క తప్పింది.

"దిగడం లేదు వదినా," అన్నాడు మరిది, ఒడ్డుకు లాగి నిలబెట్టిన పడవలోంచి.

మరిది వడ్రంగి. జేబులో కొలత టేపు లేకుండా అన్నం దగ్గర కూడా కూర్చోడని ఇంట్లో అతన్ని టేపు అని పిలుస్తారు. సీటు అడుగున వేయాల్సిన కొత్త చెక్కను రెండు చేతులతో అదుముతున్నాడు. ఫైబర్ సీటుకు చెక్క కూర్చునే గూడు ఒకటి ఉంటుంది. ఆ గూటి అంచు మీదే చెక్క ఆగిపోయింది.

"ఇంకో వైపు నుంచి పెట్టి చూడు."

"అన్ని వైపులా చూశాను. ముందు సీట్లలో ఒక్కటీ దిగదు. వెనక రెండూ మాత్రం వేలితో నొక్కితే దిగాయి."

పోయిన టూరిస్టు సీజన్లో ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చోగానే కుళ్లిన చెక్క విరిగి నడుము దాకా సీట్లోకి దిగబడిపోయింది. ముగ్గురు కలిసి పైకి లాగారు. ఆవిడ నవ్వుతూనే ఉంది, ఆవిడ కొడుకు మాత్రం నవ్వలేదు. నేరుగా వెళ్లి ఫిర్యాదు చేశాడు. పడవ ఆగిపోయింది. ఈరోజు ఇన్‌స్పెక్టరు వచ్చి సీట్లు బాగున్నాయంటేనే రేవులో వాళ్ల చోటు వాళ్లకుంటుంది. లేదంటే వెనకాల కాచుకుని ఉన్న నీలం పడవకు పోతుంది. చోటు పోయాక మిగిలేది పడవ కాదు, ఒడ్డున ఎండే కట్టెల మోపు.

"ఎలా పెరిగాయిరా ఇవి?" అంది, చెక్క అంచు తడుముతూ.

మరిది షెడ్డు వెనక్కి చూశాడు. సీట్లలోంచి పీకిన పాత చెక్కలు అక్కడ ఇంకా పడి ఉన్నాయి. ముందు వరసవి పీకిన రోజు వాటిని షెడ్డు బయట పారేశారు. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. అసలే కుళ్లిన చెక్కలు, తాగినంత నీళ్లు తాగి ఒళ్లు చేశాయి. వెనక సీట్లవి తర్వాత పీకి లోపలే పెట్టారు కాబట్టి అవి ఉన్నట్టే ఉన్నాయి. కొత్త ప్లైవుడ్ మీద ఈ పాత చెక్కలే పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి కోశారు.

"నేను టేపు తీశాను వదినా," అన్నాడు మెల్లగా.

ఆమెకు గుర్తుంది. టేపు తీస్తే తనే విసుక్కుంది. 'గూట్లోకి దూరి ఎన్ని కొలతలు కొలుస్తావు, పాతది పెట్టి గీసెయ్, పని తెములుతుంది' అంది. ఆరోజు కాస్త సమయం మిగిలిందని సంబరపడింది కూడా.

"తీస్తే తీశావు. నా మాట ఎందుకు విన్నావు?"

"అన్నయ్యే ఎదురు చెప్పడు. నేను చెప్తానా?"

నవ్వొచ్చే మాటే, కానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

"చిత్రిక పట్టు. అంచు చెక్కేసి దించు. పైన స్పాంజి, రెక్సిన్ వచ్చేస్తాయి. అంచు ఎవరు చూస్తారు?"

మరిది చిత్రిక పట్టాడు. మెరిసే పొర లేచిపోయి కింద పాలిపోయిన పచ్చి చెక్క బయటపడింది. ఆ మెరుపు కోసమే అతను రోజుల తరబడి, నీళ్లు దిగకుండా కాపాడే రెజిన్ పూశాడు, ఆరబెట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, మళ్లీ పూశాడు. మేకు దిగే ప్రతి కన్నాన్నీ పెద్దది చేసి, రెజిన్‌తో నింపి, దాని మధ్యలో మళ్లీ కన్నం పెట్టాడు. అంచులకైతే ఇంకో పూత ఎక్కువే వేశాడు, నీళ్లు తాగేది అంచులేనని.

ఆమె నీళ్ల సీసాలో వేలు ముంచి ఒక చుక్క ఆ పచ్చి అంచు మీద పెట్టింది. చుక్క చూస్తుండగానే ఇంకిపోయింది.

"ఇంకో పూత వేస్తే?"

"రాత్రంతా ఆరాలి. తడిగా దించితే గూటికి అతుక్కుంటుంది, చెక్కకు పట్టదు."

"మైనం కాచి పోస్తే?"

"ఇన్‌స్పెక్టరు కళ్లకు బాగానే ఉంటుంది. ఎండకు కరుగుతుంది. పైగా మైనం తాగిన చెక్కకు ఇక ఎప్పటికీ రెజిన్ పట్టదు."

"ఏమీ పూయకపోతే?"

మరిది చిత్రిక పక్కన పెట్టాడు. "ఏ పూతా లేని చెక్కయితే తడిసినా ఆరుతుంది. దీనికి పైనా కిందా దారి మూసేశాం. అంచులోంచి వెళ్లిన నీళ్లు బయటికి రాలేవు. లోపలే కుళ్లుతుంది. పైకి గాజులా మెరుస్తూనే ఉంటుంది."

"ఎన్నాళ్లు?"

"సగం సీజను. సరిగ్గా పడవ నిండా జనం ఉండే రోజులకు విరుగుతుంది."

ఫోను మోగింది. భర్త.

"ఇన్‌స్పెక్టరుతో బయల్దేరాను. అన్నీ బిగించారా?"

"రండి," అని మాత్రం అని పెట్టేసింది.

ఆమె పడవ అంచు మీద కూలబడింది. ఆమెకు అబద్ధం కొత్త కాదు, బేరంలో ఎన్ని ఆడలేదు? కప్పేస్తే ఈరోజు గట్టెక్కుతుంది. కానీ మొదటిసారి సీటు విరిగితే పడవను ఆపారు. రెండోసారి విరిగితే పడవనే లాక్కుంటారు, ఈసారి పడేవాళ్లు నవ్వే మనుషులు కాకపోవచ్చు. ఎటు నుంచి కూడినా ఒకే మొత్తం వస్తోంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మరిది చూడకుండా కొంగుతో అద్దుకుంది.

"ముందువన్నీ తీసెయ్," అంది. "గూళ్లు ఖాళీగా ఉంచు. వెనక రెండూ బిగించు."

"రెండు సీట్లతోనా?"

"నోరు మూసుకుని బిగించరా."

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వెనకాలే భర్త. ఖాళీ గూళ్లు చూసి భర్త ముఖం పాలిపోయింది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కొలత తప్పింది సార్. తప్పు నాదే. కప్పి చూపించొచ్చు, చూపించను. ఆ రెండూ గట్టివి. వాటికి పర్మిషన్ ఇవ్వండి, చోటు ఉంచండి."

అతను వెనక సీటు అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. మొన దిగలేదు. పైకెక్కి గెంతాడు. సీసాలోని నీళ్లు దాని మీద పోసి తుడిచి, వేలు రాసి చూశాడు.

"ఈ రెండింటికే ఇస్తాను, చోటు ఉంటుంది. మిగతావి వేశాక మళ్లీ చూడాలి."

"ఎప్పుడొస్తారు సార్?"

"వీలైనప్పుడు," అని వెళ్లిపోయాడు.

నీలం పడవతను ఒడ్డున నిలబడి, "ఏమ్మా, ఇక కొత్త దంపతుల్నే ఎక్కిస్తారా?" అన్నాడు.

"రెండు సీట్లతో తిరిగితే డీజిలుకే చాలదు," అన్నాడు భర్త. తిట్టినట్టు లేదు, అడుక్కున్నట్టుంది. "ఆయన ఎప్పుడొస్తాడో ఏమో. అప్పటిదాకా ఎలా?"

"తెలీదండీ," అంది.

పెళ్లయ్యాక ఆమె నోట ఆ మాట వినడం ఆయనకు అదే మొదటిసారి. వెళ్లి తాడు విప్పసాగాడు.

మరిది ఖాళీ గూటి ముందు మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి టేపు తీశాడు. తీసి ఆగి, ఆమె వైపు చూశాడు.

ఆమె వచ్చి టేపు కొస పట్టుకుని, వంగి గూటి మూలకు ఆనించింది.

"కానియ్," అంది. "నిదానంగా కొలువు."