డెల్బర్ట్ ఎత్తని సంచులు

డెల్బర్ట్ క్రాంజ్ అడుగున ఒక చెయ్యి, మూతి దగ్గర ఒక చెయ్యి వేసి, మోకాలితో ఎగదోసి సంచిని లారీలో పడేశాడు. తడిసిన కాగితపు సంచిని ఇంకోలా ఎత్తితే అడుగు ఊడి ఆకులన్నీ బూట్ల మీద పడతాయి. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో నవంబరు వచ్చిందంటే ప్రతి ఇంటి ముందూ రోడ్డు అంచున మునిసిపల్ లారీ కోసం పెట్టిన ఆకుల సంచులే. పొట్టి మెడ, వంగిన వీపు, వెలిసిన నారింజరంగు చొక్కా. ఇన్నేళ్లుగా ఎత్తుతున్నా ఊళ్లో సగం మందికి అతని పేరు తెలియదు. అందుకు అతనికి బాధా లేదు.

ఊరందరి ఆకులూ ఎత్తే మనిషి తన ఇంటి ఆకులు మాత్రం ముట్టుకోడు. పోయిన భార్య ఆర్లీన్ పెట్టిన నియమం అది. వాకిట్లో ఓక్ చెట్టు కింద రాలిన ఆకుల్లో చిన్న గొంగళిపురుగులుంటాయి. పచ్చని ఆకు జోలికి పోవు, ఎండి కుళ్లినదే తింటాయి. చలికాలమంతా ఆ ఆకుల కిందే గడిపి, వేసవిలో బూడిదరంగు రెక్కల చిమ్మటలై లేస్తాయి. ఎవరూ రెండోసారి చూడని పురుగులు. ఆర్లీన్ చూసేది. మగ్గిన అరటిపండు, పంచదార, మిగిలిన బీరు కలిపి, వేసవి సాయంత్రాలు ఆ చిమ్మటల కోసం కుంచెతో చెట్టు మానుకి పూసేది. బీరు దండగని అతను సణిగేవాడు. ఆమె పోయాక ఆ పూత తనే పూస్తున్నాడు. చిమ్మటలు వచ్చి వాలితే ఆమె ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుంటుంది.

మధ్యాహ్నం లారీ అతని వీధిలోకి తిరిగింది. అతని ఇంటి ముందే సంచులు బారుగా నిలబడి ఉన్నాయి. ఓక్ చెట్టు కింద నేల నున్నగా ఉంది. పోయిన వేసవిలో పక్కింట్లో దిగిన నార్మ్ లిండ్‌క్విస్ట్ చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఒంటరి ముసలివాళ్ల వాకిలి ఊడ్చిపెట్టడం ఆ ఊరి మర్యాద. అడిగితే వద్దంటారని ముందుగా అడగరు.

"రోజంతా ఊరి చాకిరీ, ఇంటికొచ్చి మళ్లీ ఇదేనా? పక్కన నేనున్నాగా" అన్నాడు నార్మ్.

డెల్బర్ట్ ఆ సంచుల వంకా, నున్నటి నేల వంకా చూశాడు. కానీ మంచి చేసినవాణ్ణి ఏమనగలడు? థాంక్స్ చెప్పి పంపేశాడు.

డ్రైవరు మార్సీ కిటికీలోంచి తొంగిచూసింది. "ఏం పెద్దాయనా, సొంత సరుక్కి చేతులు రావట్లేదా?"

"ఇవి వదిలెయ్ మార్సీ. ఆర్లీన్ పురుగులున్నాయి ఇందులో. ఆకులు నలిపే మిషన్లో పడితే పొడైపోతాయి. వచ్చే వేసవికి ఒక్కటీ మిగలదు."

మార్సీ తల లోపలికి తీసుకుంది. లారీ ముందుకు పోనిచ్చింది.

పని దిగి వచ్చి, వెలుతురుండగానే ఒక్కో సంచీ మోసి చెట్టు కింద కుమ్మరించాడు. చివరి సంచి చెట్టు దాకా తెచ్చేసరికి ఎడమచెయ్యి బరువెక్కింది. కాసేపాగి పోద్దామని మానుకి ఆనుకుని కూర్చున్నాడు. నార్మ్ తన వాకిలి లైటు వెయ్యడానికి వచ్చి చూసేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేదు.

నార్మ్ నిజంగానే ఏడ్చాడు. కుమ్మరించిన ఆకులు కదపడానికి మనసొప్పలేదు గానీ, మిగిలిన ఆ ఒక్క సంచినీ పద్ధతి ప్రకారం రోడ్డు అంచున పెట్టాడు.

మళ్లీ వారం లారీ వచ్చింది. కొత్త మనిషి సంచి మీద చెయ్యి వేయబోతే మార్సీ ఆగమని దిగింది. అడుగున ఒక చెయ్యి, మూతి దగ్గర ఒక చెయ్యి వేసి మోసుకెళ్లి, చెట్టు కింద కుమ్మరించింది.

మాను మీద వేసవినాటి పూత నల్లగా ఎండి ఉంది. దాని పక్కన మేకుకి, కుచ్చు బిగుసుకుపోయిన కుంచె వేలాడుతోంది.