గోధుమకు ఇంటిపేరు

దుబాయ్‌లోని విత్తనాల ల్యాబులో ఫేబా, ఒక రకం గోధుమ క్రోమోజోమ్‌ను మరో రకంలోకి చేర్చి పెంచిన నలభై గోధుమ పొట్లాల మీద పేర్లు రాసింది. క్రోమోజోమ్ ఇచ్చిన గోధుమ పేరు ముందు, పుచ్చుకున్న గోధుమ పేరు తర్వాత.

"అన్నీ తిరగేశావమ్మా," అన్నారు ల్యాబు ముదీర్, అంటే మేనేజరు, శ్యాంప్రసాద్.

"మేం గోదారోళ్లం ఇంటిపేరే ముందు రాత్తాం కదండీ. ఎక్కణ్ణించొచ్చిందో ముందు తెలియాలిగా?"

"ఇక్కడ అన్ని దేశాలకూ ఒకటే రూలు. పుచ్చుకున్న గోధుమ ముందు. ఇచ్చిన దాని పేరు, క్రోమోజోమ్ నంబరు బ్రాకెట్లో. యల్లా, మళ్లీ రాయి."

ఫేబా పెన్ను తీసింది కానీ రాయలేదు. మెడలోని ఐడీ కార్డు తిప్పి చూసుకుంది. అందులో ఉన్నవి అత్తింటి పేరు, తన పేరు.

"ఒక్క క్రోమోజోమ్ ఇచ్చిన గోధుమకే బ్రాకెట్ ఉంది. నన్ను మొత్తంగా ఇచ్చేసిన మా పుట్టింటికి అదీ లేదేంటండీ?"