మొదటి చప్పుడు

లింగమూర్తి పెంటయ్య దండచేతికి పట్టీ చుట్టి రబ్బరు బుడ్డిని గబగబా నొక్కేసరికి గాజుగొట్టంలో పాదరసం రెండు వందలు దాటింది. బుడ్డికున్న మర కొంచెం వదులు చేశాడు. పాదరసం మెల్లగా దిగసాగింది. దిగేటప్పుడు స్టెతస్కోపులో మొదటి చప్పుడు ఏ అంకె దగ్గర వినబడితే అదే పై బి.పి. నూట నలభై దాటితే దవాఖానకు చీటీ రాసివ్వాలి. నానక్‌రామ్‌గూడ వాళ్ల రక్తపోటు ఏటేటా ఎలా మారుతోందో తేల్చే ఈ పరిశోధనకు పేరు డాక్టరమ్మదే అయినా, నాలుగేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి అరిగిన చెప్పులు మాత్రం లింగమూర్తివి.

ఈ రోజు అతని చెవులకు కాపలా వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన కొత్త స్టెతస్కోపుకు బిళ్ల ఒకటే, చెవుల్లో పెట్టుకునే గొట్టాలు రెండు జతలు. రెండో జత కొత్తగా పనిలో చేరిన జ్యోత్స్న చెవుల్లో ఉంది. ఇద్దరూ ఒకే చప్పుడు విని, ఒకరిది ఒకరు చూడకుండా చెరో కాగితం మీద అంకె రాయాలి.

కాకినాడ నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు ఆ పిల్ల. అతను చూసిన ఇళ్లకన్నా ఆమె చూసిన ఇళ్లలో బి.పి. ఇరవై, ముప్పై ఎక్కువ వస్తోంది. "ఊరొకటే, వయసులొకటే. ఇద్దరిలో ఒకరు తప్పు వింటున్నారు లింగమూర్తిగారూ," అని నిన్న డాక్టరమ్మ అననే అంది. అంకెలు కలవకపోతే రేపటి నుంచి అతను ఆఫీసులో ఫైళ్లు సర్దుకోవాలి. ఊరు ఆ పిల్లదవుతుంది.

లింగమూర్తికి ఆ పిల్లంటే పడదు. యాభై రెండేళ్ల పెద్దమనిషి దాన్ని అసూయ అని ఒప్పుకోడు గానీ, అది అచ్చమైన అసూయే. మొదటి ఏడు ఈ ఊళ్లో అతన్ని చూసి తలుపులు వేసుకున్నారు. మాదాపూర్ వైపు గాజు మేడలు లేస్తున్నాయి కదా, వీడూ భూములు కొలవడానికే వచ్చాడనుకున్నారు. కుక్కలు తరిమాయి. ఒక్కొక్క గడపనూ బతిమాలి, బతిమాలి తనదిగా చేసుకున్నాడు. ఇప్పుడీమె లూనా మీద దర్జాగా దిగుతుంది, ఆడవాళ్లు పేరు పెట్టి పిలిచి జామకాయలు చేతిలో పెడతారు. ఆ జామకాయలంటే కూడా అతనికి మంటే.

పాదరసం నూట తొంభై దాటి దిగింది. చెవుల్లో ఏమీ లేదు. నూట ఎనభై. ఏమీ లేదు. చిన్నప్పుడు చీము కారి ఎడమ చెవి పోయిందని అతనికి తెలుసు. కుడి చెవీ అదే దారి పట్టిందని తెలియదనలేం. తెలుసుకోదలచుకోలేదు, అంతే.

దిక్కుతోచక ఎదుటి పిల్ల వైపు చూశాడు. నూట డెబ్భై ఆరు దగ్గర ఆమె గడ్డం చిన్నగా కదిలింది. మరో చప్పుడుకు మళ్లీ కదిలింది. వినబడినట్టల్లా తల ఊపడం ఆమెకు అలవాటు, ఆ సంగతి ఆమెకే తెలియదు. లింగమూర్తికి చప్పుడు నూట యాభై దగ్గర గానీ అందలేదు. కాగితం మీద మాత్రం నూట డెబ్భై ఆరు అని గుండ్రంగా రాశాడు.

చీటీ అందుకుని పెంటయ్య అనుమానంగా చూశాడు. "పోయినేడు మంచిగనే ఉండె గద సారు?"

"వయసు మీదవడ్తలేదా. ఫికర్ చెయ్యకు, పోయి చూపించుకో," అన్నాడు లింగమూర్తి.

తర్వాత మూడిళ్లలోనూ అంతే. దారిలో జ్యోత్స్న కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఊపిరి పీల్చుకుంది. "అన్నీ కలిశాయండీ. నేనే తప్పు వింటున్నానేమోనని తెగ భయపడ్డానండీ."

"మొదట్ల గట్లనే ఉంటది. మెల్లగ నేర్చుకుంటవ్," అన్నాడు దయగా. ఊరు దక్కింది. ఆమె అంకెలే నిజమైతే ఇన్నాళ్లూ తను రాసినవేమిటన్న ఆలోచన గుమ్మందాకా వచ్చింది గానీ లోపలికి రానివ్వలేదు.

ఐదో ఇల్లు ఎల్లయ్యది. అరుగు మీద అతని భార్య నీలమ్మ కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు.

"పదకొండు రోజులాయె తమ్మీ," అంది ఆమె, అడగకముందే. "బర్రెకు నీళ్లు పెట్టుకుంట కూలవడ్డడు. దవాఖానకు తీస్కపోతె తలకాయల నరం పగిలిందన్నరు, బి.పి. శాన జాస్తి ఉన్నదన్నరు. నేను కొట్లాడిన ఆ డాక్టరుతోని. మా లింగమూర్తి సారు ఏటేట చూస్తడు, ఎన్నడు జాస్తి లేదు, మీ మిషినే ఖరాబున్నదని."

లింగమూర్తి అరుగు మీదే కూలబడ్డాడు. జ్యోత్స్న గొట్టాలు చెవుల్లో పెట్టుకుని, పట్టీ తీసి నీలమ్మ పక్కన కూర్చోబోయింది. నీలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వొద్దు బిడ్డా, ఏమనుకోకు. ఆయననే చూడనియ్యి. ఆయన చెయ్యి మంచిది."

ఆ పిల్ల వచ్చినప్పటి నుంచీ లింగమూర్తి వినాలని తహతహలాడిన మాట అదే. జ్యోత్స్న ముఖం చిన్నబోయింది. గొట్టాలు చెవుల్లోంచి తీసేసి, కళ్లలో నీళ్లు కనబడకుండా గోడవైపు తిరిగింది.

అతను పట్టీ చుట్టాడు, బుడ్డి నొక్కాడు, మర వదిలాడు. రెండు వందలు. నూట ఎనభై. నూట అరవై. చూసి రాయడానికి ఎదుట ముఖం లేదు. పాదరసం నూట నలభై కిందికి దిగినా చెవుల్లో చప్పుడు లేదు. నిజంగా లేదో, తనకే వినబడలేదో తేలే దారీ లేదు.

అతను స్టెతస్కోపు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు ఇనవడ్తలేదక్కా."

"ఏంది తమ్మీ?"

"నీ నాడి చప్పుడు. ఎల్లయ్య బావది గూడ మొదట్ల ఇనవడలె. కిందికొచ్చినంక ఇనవడ్డకాడ రాసిన. గది తప్పు." జ్యోత్స్న వైపు తిరిగాడు. "పొద్దుగాల రాసినయన్ని నీయే బిడ్డా. చప్పుడైనప్పుడల్ల నీ గదువ ఊగుతది, గది చూసి రాసిన. డాక్టరమ్మకు గిదే చెప్పు. అక్కది నువ్వు చూడు."

నీలమ్మ చెయ్యి మెల్లగా జ్యోత్స్న వైపు చాపింది.

లింగమూర్తి స్టెతస్కోపు పిల్ల పక్కన పెట్టి, చెప్పుల కోసం గుమ్మం దగ్గర వంగాడు. తలెత్తితే లోపలి గోడ కనబడింది. ఎల్లయ్య బతుకులో తీయించుకున్న ఫొటో ఒక్కటే, పరిశోధన వాళ్లు ఏటేటా బి.పి. రాసే కార్డు మీద అతికించింది. ఆ కార్డునే మేకుకు తగిలించి బంతిపూల దండ వేశారు. పూల కింద, ఫొటో అడుగున, నాలుగేళ్ల అంకెలు నాలుగు, నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతలో.