మూడో బాయి బండ

ఆ ఆదివారం పొద్దున మబ్బులు గోదావరిఖని మీదికి దిగి, కురుస్తామని బెదిరించి, కురవకుండానే ఏటి అవతలికి వెళ్లిపోయాయి. మిగిలింది ఉక్క. ఎల్లన్న అరుగు మీద కూర్చొని పాత బటన్ల ఫోన్ మూత తీశాడు. మెమరీ కార్డును పంచె కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాడు.

ఆ కార్డులో ఆట ఎక్కించి ఇచ్చింది పక్కింటి జమున. బస్టాండు దగ్గర ఆమెకు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆటకు ఇంగ్లీషు పేరేదో ఉంది. అందులో ఉన్నది బొగ్గుగని కనుక ఎల్లన్న మాత్రం ‘బాయి ఆట’ అంటాడు. టోపీ మీద దీపం పెట్టుకున్న మనిషి బొగ్గు తవ్వుకుంటూ కిందికి దిగాలి. పైనుంచి బండలు పడతాయి. కావాలంటే కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టుకోవచ్చు. ఉత్తగా వచ్చిన ఆట కనుక మూడు బాయిల దాకే, అదీ రెండుసార్లే ఆడనిస్తుంది. తర్వాత కొనుక్కోమంటుంది. కొందామన్నా, అమ్మే కంపెనీ ఎప్పుడో మూతపడిందట. అందుకని ఆటను తీసేసి మళ్లీ ఎక్కించుకోవాలి. ఫోన్ అంతా మరిచిపోయి, కొత్తవాణ్ణి చూసినట్టు చూసి మళ్లీ రెండు ఆటలిస్తుంది.

ఎల్లన్న భార్య సమ్మవ్వకు తమ్ముడైన రఘుపతి గేటు తీసుకొని వచ్చాడు. భార్య పోయినప్పటి నుంచి అతనికి ఆదివారం తిండి అక్క ఇంట్లోనే.

“వచ్చిండు ఆదివారం చుట్టం,” అన్నాడు ఎల్లన్న. “పొయ్యి ముట్టియ్యకముందే కూర వాసన పడతది ఈనకు.”

రఘుపతి నవ్వాడు గాని చూపు చెప్పుల మీదికి పోయింది. ప్రతివారం వినే మాటే. ప్రతివారం ఎక్కడో గుచ్చుకునే మాటే.

సమ్మవ్వ చికెన్ సంచి తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. “ఇయ్యాల నేను పొయ్యి ముట్ట. నడుం గుంజుతాంది. మీ ఇద్దర్ల ఎవలో ఒకలు వండుండ్రి.”

“ఆడి తేల్చుకుందం,” అన్నాడు రఘుపతి. “మూడో బాయి అడుగున తలుపు దాటితేనే గెలిచినట్టు. ఓడినోడు వండాలె. నేను గెలిస్తె పీట మీద కూసుంట, నువ్వు వడ్డియ్యాలె బావా. చుట్టమంటివి గదా!”

ఒక్క పూటన్నా గెలిచి, దర్జాగా తినాలని అతని కోరిక. అది ఎల్లన్నకు తెలిసింది. “ముందు ఎక్కనియ్యి,” అన్నాడు.

ఈ ఆటను నమ్మొచ్చా అని ఫోన్ అడిగింది. అవునన్నాడు. జాగా లేదంది. పాటలు కొన్ని తీసేశాడు. నీలం గీత ఆగి ఆగి నిండింది.

మొదటి ఆట ఎల్లన్నది. బొగ్గుబాయిలో అతను పనిచేసినన్నాళ్లూ కప్పుకు దిమ్మలు పెట్టే పనే చేశాడు. ఫోన్‌లోనూ అడుగు తవ్వితే దిమ్మ, మళ్లీ అడుగు తవ్వితే మళ్లీ దిమ్మ.

“అది ఫోను బావా! బాయిల లెక్క సర్దార్ వచ్చి తనిఖీ చెయ్యడు, జల్ది కానియ్యి!”

“యాడైనా కప్పు కప్పే.”

రెండో బాయి సగంలోనే ఆటకిచ్చిన టైమ్ అయిపోయింది.

రఘుపతి అదే బాయిలో బొగ్గు నింపినవాడు. అతనికి దిమ్మల ఫికర్ లేదు. బొటనవేలు ఆగకుండా తవ్వాడు. మొదటి బాయి దాటాడు, రెండోది దాటాడు. మూడోదాంట్లో అడుగున తలుపు కనపడింది. ఇద్దరి తలలూ ఆ చిన్న తెర మీద ఆనుకున్నాయి. తవ్వే మనిషి నెత్తి మీద ఓ బండ కదిలింది. రఘుపతి చూపు తలుపు మీదే ఉంది.

“తొలుగు!”

ఎల్లన్న బామ్మర్ది కాలరు పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ అరుగు మీది నుంచి తోమిన గిన్నెల మీద పడ్డారు. ఫోన్ ఒక దిక్కు, బ్యాటరీ ఒక దిక్కు ఎగిరిపోయాయి.

సమ్మవ్వ ఉరికి వచ్చింది. “ఏమైంది, ఏందా సప్పుడు?”

“బండ పడ్డది,” అన్నాడు ఎల్లన్న, ఇంకా కాలరు వదలకుండా.

ఆమె తలెత్తి ఇంటి కప్పు చూసింది. తర్వాత కింద ఫోన్ ముక్కలు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది.

“గెలుస్తుంటి అక్కా! తలుపు గింతంత దూరముండె!”

“చెడగొట్టినోడే వండాలె,” తీర్పు చెప్పింది సమ్మవ్వ.

“మళ్ల ఎక్కిద్దం. నువ్వే ముందు ఆడు,” అన్నాడు ఎల్లన్న, బ్యాటరీ వెతుకుతూ.

రఘుపతి మెడ తడుముకున్నాడు. గుండీ తెగిపోయింది. “ఆనాడు బాయిల గూడ గిట్లనే గుంజినవ్ బావా. గప్పుడు గూడ మెడకాడి గుండీనే తెగింది.”

“గప్పుడు బండ నిజంగ పడ్డది.”

“అవ్.”

రఘుపతి కింద పడ్డ గుండీని ఏరి వేళ్ల మధ్య తిప్పాడు. జేబులో వేసుకొని, చికెన్ సంచి అందుకున్నాడు. “ఆట వద్దు తియ్యి. ఉల్లిగడ్డలు యాడున్నయక్కా?”

ఎవరూ అడగకుండానే ఎల్లన్న వెనకాలే పోయి ఉల్లిగడ్డలు కోశాడు. కూరలో రఘుపతి ఉప్పు వేశాడు. అతను నీళ్లకు పోయినప్పుడు, వేయలేదేమోనని ఎల్లన్న కూడా వేశాడు.

మధ్యాహ్నం ఎల్లన్న అటక మీది పీట దించి దుమ్ము దులిపాడు. బామ్మర్దిని దాని మీద కూర్చోబెట్టి ముందు అతనికే వడ్డించాడు. ముగ్గురూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఎల్లన్న రఘుపతిని చూశాడు. రఘుపతి ఎల్లన్నను చూశాడు. ఇద్దరూ సమ్మవ్వను చూశారు. ఆమె నీళ్లు తాగింది. అన్నం ఇంకొంచెం కలుపుకొని, గరిటె అందుకొని, మళ్లీ కూర వేసుకుంది.

ముగ్గురూ గిన్నె అడుగు కనపడేదాకా తిన్నారు.