తడి కాగితాలు తీసుకోరు

అర్షీన్ రోజూ పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోగా పెన్నులో ఇంకు పోసుకుంటుంది. నల్ల ఎబొనైట్ పెన్ను మర విప్పి, డ్రాపరుతో నీలినల్ల సిరా నింపి, పాళీని మెత్తని పేలికతో తుడుస్తుంది. ఈలోగా చాయ్ పొంగి పొయ్యి పాలవుతుంది. "పొయ్యి మీద పాలు సూడవు గని, పెన్నును మాత్రం పసిపిల్ల లెక్క తుడుస్తవ్" అని వాళ్లమ్మ గులాబ్‌బీ రోజూ సణుగుతుంది. అర్షీన్ రోజూ నవ్వి, మిగిలిన చాయ్ తాగి, తాను వృక్షశాస్త్రం చెప్పే ప్రైవేటు జూనియర్ కాలేజీకి స్కూటీ ఎక్కుతుంది.

ఆదివారాలు ఖుతుబుద్దీన్ చిచా గడియారాల దుకాణంలో ఇంకుపెన్నుల వాళ్లంతా కూడతారు. ఏ సిరా చౌక కాగితం మీద పాకకుండా ఉంటుంది, ఏది చెమట చేతికి చెరిగిపోదు, రోజువారీ రాతకు ఏది మేలు అని గంటలకొద్దీ వాదిస్తారు. బట్టల వ్యాపారి దత్తాత్రికి పచ్చ సిరా ప్రాణం. దానితో ఆయన బిల్లులు రాస్తే బట్టలు కొనొచ్చిన గిరాకీలు నవ్వుతారని తక్కినవాళ్లు ఏడిపిస్తారు. ఎంత వాదించినా చివరికి అందరూ ఒక్క మాట మీదికే వస్తారు. ఏ సిరా పోసినా సరే, కోపంతో రాస్తే ఆరదు.

సిద్దిపేటలో అది అందరికీ తెలిసిందే. ఇంకుపెన్నుతో కోపంగా రాసిన అక్షరం, ఆ కోపానికి కారణమైన సంగతి తేలేదాకా తడిగానే ఉంటుంది. అద్దుడు కాగితం అద్దినా, ఎండలో పెట్టినా, ఫ్యాను కింద పెట్టినా అంతే. బాల్‌పెన్ను రాతకు ఈ బాధ లేదు, దానికి కోపం అంటదు. అందుకే ఆఫీసుల్లో అర్జీలు ఆరబెట్టడానికి ఒక దండెం ఉంటుంది, కింద పాత పేపర్లు పరిచి ఉంటాయి. ఇంటి పక్క పొంగిపొర్లే మురుగు మోరీ గురించి దత్తాత్రి రాసిన అర్జీ ఒక ఆఫీసులో ఏళ్ల తరబడి వేలాడుతూనే ఉంది. అడిగితే "తడి కాగితాలు తీసుకోమండి, ఆరినంక రాండ్రి" అంటారు. ఎంత సుఖమో చూడండి! కోపం తీరితే తప్ప కాగితం ఆరదు, కాగితం ఆరితే తప్ప తీసుకోరు. తీసుకోకపోతే కోపం ఎట్లా తీరుతుందో చెప్పేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ గురువారం తన కాలేజీలోనే ఇంటర్ పరీక్షల్లో అర్షీన్‌కు ఇన్విజిలేటర్ డ్యూటీ పడింది. సగం పరీక్ష అయ్యాక వరండాలో తనిఖీకి వచ్చిన స్క్వాడ్ చెప్పుల చప్పుడు వినిపించింది. కిటికీ దగ్గర కూర్చున్న ఆకాశ్ అంగీ చేతిలోంచి చీటీ తీసి, పక్క బెంచీలో వర్షిత అట్ట కిందికి తోశాడు. అర్షీన్ కళ్లారా చూసింది. వర్షిత తల వంచుకుని రాసుకుంటూనే ఉంది.

స్క్వాడ్ వాళ్లు అట్ట ఎత్తారు, చీటీ దొరికింది. "అది ఆ పిల్లది కాదు సార్, ఆకాశ్‌ది. నేను చూసిన" అని అర్షీన్ గట్టిగానే చెప్పింది. అంతలో ప్రిన్సిపాల్ శివ పరుగున వచ్చి, "ఇన్విజిలేటర్ రిపోర్టు నేను పంపిస్త సార్, మీరు నడువుండ్రి" అని వాళ్లను సాగనంపాడు. ఆకాశ్ కాలేజీ కరస్పాండెంట్ మేనల్లుడు. ఆ ఒక్క ముక్క తెలిస్తే తక్కిన కథంతా ఎవరైనా చెప్పేస్తారు.

వర్షిత దుబ్బాక నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. తండ్రి మగ్గం నేస్తాడు. శనివారం పరీక్షల కమిటీ కూర్చుంటుంది, చీటీ ఆమెదేనని తేలిస్తే రాసిన పరీక్షలన్నీ రద్దవుతాయి, ఏడాది పోతుంది.

"మేడం, మా బాపుకు ఇంక చెప్పలేదు" అంది వర్షిత మెట్ల దగ్గర నిలబడి. "నన్ను దొంగ అంటే ఆయన మళ్ల మగ్గం ఎక్కడు మేడం."

"ఎవరూ అనరు. నేను రాసిస్త" అంది అర్షీన్.

స్టాఫ్‌రూములో కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసింది. రాసి ప్రిన్సిపాల్ బల్ల మీద పెడితే ఆయన వేలి కొనతో తాకి చూశాడు.

"తడిగుంది గద మేడం. ఆరినంక చూద్దాం."

"ఇది ఆరదని మీకు తెల్వదా సార్?"

"నాకెందుకు తెల్వదు? గందుకే చెప్తున్న, బాల్‌పెన్ను తీస్కోండ్రి. నేను చెప్త, మీరు రాయుండ్రి. చీటీ వర్షిత దగ్గర దొరికింది. గంతే."

"నేను చూసింది అది కాదు."

"అట్లయితే ఎల్లుండి కమిటీకి మీ రిపోర్టు లేదన్నట్టే" అని ప్రిన్సిపాల్ బంట్రోతును పిలిచి ఆ కాగితాన్ని దండెం మీద వేయించాడు. సత్యం చెప్పమని పిలిచి, అది తడిగా ఉందని దండెం మీద ఆరేసే మనుషులను ఏమనాలి?

సాయంత్రం దుకాణంలో సంగతి విని ఖుతుబుద్దీన్ చిచా అలమారలోంచి ఒక బుడ్డి తీశాడు. పిల్లలు చేతిరాత దిద్దుకోవడానికి వాడే లేత నీలం సిరా. నీళ్లు తగిలితే పోయేంత పలచన.

"గిది సల్లటి ఇంకు బేటీ. పెన్ను మంచిగ కడిగి గిది పోస్కో. కోపం పక్కకు పెట్టి నిమ్మళంగ రాయి. ఆరితె తీస్కుంటరు గద."

సిరా మారిస్తే పని అవుతుందనుకోవడం పెన్నుల వాళ్లకే సాధ్యమైన పొరపాటు. అర్షీన్ కూడా చిచా మాట విన్నది. శుక్రవారం పొద్దున పాళీ తెల్లబడేదాకా కడిగి, లేత నీలం పోసుకుని, ప్రిన్సిపాల్ గదిలోనే కూర్చుని, నెమ్మదిగా, ఎవరికీ నొప్పి కలగకుండా రాసింది. వాక్యం పూర్తయ్యేసరికి ఆరిపోయింది. చేత్తో రుద్దినా చెదరలేదు. తల పైకెత్తి చదువుకుంది. "చీటీ వర్షిత కూర్చున్న బెంచీ దగ్గర దొరికింది. అది ఎవరిదో కచ్చితంగా చెప్పడం కష్టం."

"గిట్ల ఉండాలె!" అన్నాడు ప్రిన్సిపాల్, చెయ్యి చాపుతూ. "కోపం లేకుంటె ఎంత మంచిగ రాస్తరు మేడం మీరు."

అర్షీన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పిల్ల గొంతు కోసే మాటను ఎంత పద్ధతిగా, ఎంత చక్కని అక్షరాలతో రాసింది! ప్రిన్సిపాల్ మంచినీళ్ల గ్లాసు అందుకుని కాగితం మీద కుమ్మరించింది. లేత నీలం అంతా కరిగి బల్ల అంచు నుంచి కారిపోయింది.

"ఏంది మేడం, మతిపోయిందా?"

"ఇప్పుడే వచ్చింది సార్." దండెం దగ్గరికి పోయి, కారుతున్న తన పాత కాగితాన్ని రెండు చేతులతో దింపి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఆరకున్నా గిదే నా రిపోర్టు."

"సరే, మీ తృప్తి కోసం" అని ఆయన నవ్వి దాన్ని ఫైలులో పడేశాడు. ఆమె చూస్తుండగానే, తాను టైపు చేయించిన రిపోర్టును దాని మీద పెట్టి, ఫైలు మూసి, పైన గాజు గుండు బరువు పెట్టాడు. ఊళ్లో ఇంకు వాడే ఏ పిల్లవాడూ అట్లా చెయ్యడు, కోపపు రాత మీద ఇంకో కాగితం పెట్టకూడదని ఇంట్లోనే నేర్పుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాల్‌పెన్ను తప్ప పట్టని మనిషికి ఆ సంగతి తట్టలేదు. తెల్లారి కమిటీకి పోయేముందు ఆయన అర్షీన్ రాసిన కాగితాన్ని ఫైలులోంచి లాగి, ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కున్నాడు.

కమిటీకి పెద్ద ఒక నడివయసు ఆఫీసరమ్మ. ఆమె ముందు వర్షిత తన తండ్రితో నిలబడి ఉంది. తండ్రి మెడలో తువ్వాల తీసి చేతిలో నలుపుతున్నాడు.

"ఇన్విజిలేటర్ రిపోర్టేది?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"మేడం ఇయ్యలేదు" అన్నాడు ప్రిన్సిపాల్, కళ్లార్పకుండా. "నా రిపోర్టున్నది."

"అబద్ధం!" అని అరిచింది అర్షీన్. "నిన్న నా కళ్ల ముందర ఫైలుల పెట్టిండు. చీటీ ఆకాశ్‌ది. నేను చూసిన."

"నోటిమాట రాసుకోలేనమ్మా. కాగితం కావాలె" అంటూ ఆఫీసరమ్మ, ప్రిన్సిపాల్ రిపోర్టు చదివి, నిర్ణయం రాయడానికి అలవాటు ప్రకారం దాన్ని వెనక్కి తిప్పింది. ఆమె మణికట్టు కాగితానికి అతుక్కుంది. ఎత్తి చూసుకుంటే నీలినల్ల మరక. కాగితం వెనుక అంతా చేతిరాత, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాలు, ఇప్పుడే రాసినంత తడి.

"ఎవరో మస్తు కోపంగ రాసిన్రు" అంది ఆమె. అదేమీ వింత కానట్టే ఒక తెల్ల కాగితం తీసి దాని మీద పరిచి, అరచేత్తో నిమిరి, లేపింది. అక్షరాలు తిన్నగా వచ్చాయి. బయటికే చదివింది. "చీటీ ఆకాశ్‌ది. స్క్వాడ్ రావడం చూసి అతను దాన్ని వర్షిత అట్ట కిందికి తోశాడు. ఇది నేను కళ్లారా చూశాను. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు. ఇట్లు, అర్షీన్."

ప్రిన్సిపాలే ముందు తేరుకున్నాడు. "అది తడి కాగితం మేడం. తీస్కోవద్దని రూలున్నది గద."

"ఏ రూలు?"

"అంటే... అన్ని ఆఫీసులల్ల..."

"యాడ రాసుంది? సూపెట్టుండ్రి."

ఆయన కమిటీ గుమస్తా వైపు చూశాడు. గుమస్తా ఫ్యాను వైపు చూశాడు. ఎక్కడా రాసి లేదు. ఎవరో ఎప్పుడో అన్న మాటను తక్కినవాళ్లంతా ఇన్నేళ్లుగా అంటూ వచ్చారు, జనం తమ కోపాలను దండేల మీద ఆరేసుకుని ఇళ్లకు పోయారు. దత్తాత్రి మోరీ అర్జీ గుర్తొచ్చి అర్షీన్ పళ్లు పటపట కొరికింది.

"బిడ్డా, నువ్వు చెప్పేది నువ్వు రాసియ్యి" అంది ఆఫీసరమ్మ.

వర్షిత దగ్గర పెన్ను లేదు. గుమస్తా బాల్‌పెన్ను ముందుకు తోశాడు. దాన్ని పక్కకు జరిపి అర్షీన్ తన పెన్ను మూత తీసి ఇచ్చింది. అందులో ఇప్పుడు మళ్లీ నీలినల్ల సిరానే ఉంది. గురువారం నుంచి ఏడుస్తూ ఉన్న పిల్ల ఇప్పుడు ఏడవలేదు. పాళీ విరుగుతుందేమో అన్నంత ఒత్తి రాసింది. నేను దొంగను కాదు అన్న వాక్యం దగ్గర సిరా కాగితం మీద బొట్లు బొట్లుగా లేచి నిలబడింది.

"ఆరేదాకా ఆగుదమా మేడం?" అని అడిగాడు గుమస్తా, అలవాటు కొద్దీ.

"వద్దు, తడిదే తీసుకుంట" అని ఆఫీసరమ్మ దాని మీద ముద్ర గుద్దింది. ముద్ర కొంచెం జారింది. వర్షిత మీద కేసు కొట్టేసి, ఆకాశ్ పేరు రాసి, ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "మీరు గీడనే ఉండుండ్రి. మీతోని మాట్లాడేది శాన ఉంది" అంది.

వర్షిత తండ్రికి ఏం చెయ్యాలో తోచక, బిడ్డ చేతికంటిన సిరాను తువ్వాలతో తుడవబోయాడు. అప్పటికే అది ఆరిపోయి ఉంది.