నెమలికంఠం రంగు కుర్తా

అమీర్‌పేటలో పదిహేనేళ్ళుగా మిషను తొక్కుతున్న వజీరున్నీసా, ఎవరు ఎలా కుట్టమంటే అలా కుట్టి ఇచ్చేది. తన మనసుకు నచ్చినట్టు తనకోసం మాత్రం ఒక్కటీ కుట్టుకోలేదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే సీతాబాయి ఆమె గుమ్మం ముందు మూట దించింది. అందులో నెమలికంఠం రంగు పట్టుచీర ఉంది. దాని కొంగు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, అరచేయంత. అయినా వజీరున్నీసా దాన్ని వదల్లేకపోయింది. దాంతోపాటు ఒక చారల చొక్కా, వెలిసిన ఎర్ర పరదా కూడా కొనుక్కుంది. ఒక పెళ్ళికి వేసుకుందామని, నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని తనకోసం కుర్తా కుట్టింది. ఒంటికి పట్టు, చేతులకు పరదా, మెడచుట్టూ ఆ చీర జరీ అంచు, ముందువైపు చారల గుడ్డతో పెద్ద జేబు.

"పాత బట్టలు తొడుక్కొని షాదీకి పోతవా? నలుగురు నవ్వుతరు," అన్నాడు భర్త హాషం.

"నవ్వనీయ్. నాకు మస్తు నచ్చింది."

అలా అన్నదే గాని, పంజాగుట్టలో పెళ్ళివారి పందిట్లో అడుగు పెట్టగానే అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది. అంతలో ఒక పెద్దావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. పెళ్ళివారి పక్కింట్లో ఉండే జానకీదేవి.

"ఏంటమ్మా ఇది? ఈ అంచు మా అమ్మ చీరది!"

వజీరున్నీసా హడలిపోయింది. దొంగ అన్న మాట పడితే రేపటినుంచి తనకు కుట్టడానికి ఎవరు గుడ్డ ఇస్తారు?

"సీతాబాయి దగ్గర కొన్ననమ్మా. కావాలంటే ఆమెనే అడుగుండ్రి. నేను ఎవరింట్లకెళ్ళీ తేలే."

"నిన్నెవరన్నారమ్మా? నేనే సీతాబాయికి ఇచ్చేశాను." జానకీదేవి కళ్ళు ఒత్తుకుంది. "ఇస్త్రీ చేస్తూ నా చేత్తోనే కాల్చాను. చూడలేక ఇచ్చేశాను. ఇచ్చిన మర్నాటినుంచి ఒకటే బాధ, ఎవరింట్లో మసిగుడ్డ అయిపోయిందో అని. అవునూ, ఆ మచ్చ ఏదీ?"

"గీ జేబు కిందున్నది. అంత మంచి పట్టు, కత్తిరించబుద్ధి కాలే."

జానకీదేవి జేబులో చెయ్యి పెట్టి తడిమింది. రెండు పిన్నీసులు, ఒక దారపు ఉండ చేతికి తగిలాయి. ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో వజీరున్నీసాకు ప్రాణం లేచి వచ్చింది. అయినా మెల్లగా అడిగింది.

"మీకు వాపసు కావాల్నా అమ్మా?"

"వద్దు. మా అమ్మకు బతికున్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళంటే మహా సరదా. నీతోపాటు తిరగనీ."

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నలుగురు నవ్వుతారేమోనన్న భయంతో పొద్దుటినుంచి ముద్ద దిగని వజీరున్నీసా, ఎండు ఆప్రికాట్లతో చేసిన ఖుబానీ మీఠా రెండుసార్లు అడిగి వేయించుకుంది.