తల్లీ అన్నందుకు

గల్ఫ్ దేశంలో, అజైబాలోని మా అమ్మాయి సెలీనా ఫ్లాట్‌లో శుక్రవారం ప్రార్థన కూటం జరిగింది. తొలినాటి క్రైస్తవుల్లో కొందరు పరిశుద్ధాత్మను తల్లిగా కొలిచేవారని ఈమధ్యే చదివాను. నా వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని, "పరిశుద్ధాత్మా, మా తల్లీ" అని ప్రార్థించాను. చివర ఎవరూ ఆమేన్ అనలేదు.

"ఆత్మకి చీర కట్టేశారేంటండీ అమ్మగారు?" అన్నాడు సంఘ పెద్ద మనోహరం. తర్వాత సెలీనా వైపు తిరిగాడు. "ఈవిణ్ణి ఊరికి పంపెయ్యమ్మా. లేదంటే ఇక నీకూ మాకూ సంబంధం లేదు."

ఇక్కడ సెలీనాకు ఆ కూటం తప్ప నా అన్నవాళ్లు లేరు.

అందరూ చెప్పులు వేసుకుంటుంటే, సెలీనాతో పనిచేసే నర్సు లీలాకుమారి వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"రేపు నాకు ఆపరేషనండి ఆంటీ. ఇందాకటిలాగే నాకోసం ప్రార్థన చెయ్యరా? మెల్లగానండి, పెద్దాయన ఇంకా లిఫ్ట్ దగ్గరే ఉన్నారు."

భర్తను సమాధి దాకా సాగనంపాను, ఇద్దరు కొడుకులను సాగనంపాను. మిగిలింది సెలీనా ఒక్కతే. అయినా లీలాకుమారి తలమీద చెయ్యి పెట్టి, "తల్లీ" అని మొదలుపెట్టాను.

నా వెనక గుమ్మంలో అడుగులు ఆగాయి.

"నీ పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావమ్మా?" అంది సెలీనా.

నేను కళ్లు తెరవలేదు, ప్రార్థన ఆపలేదు.